బీడీకి లేచే ట్రాక్టర్

చంద్రవ్వను నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె ఒక ట్రాక్టర్‌కు బీడీ పెడుతోంది.

ఇది మాటవరసకు అనడం లేదు. ఆ ట్రాక్టర్‌కు ముందువైపు, మనుషులు బొట్టు పెట్టుకునే చోట, వేలు పట్టేంత రంధ్రం ఉంది. చంద్రవ్వ లావుపాటి బీడీ ఒకటి వెలిగించి, చిన్న ఇనుప గొట్టం కొసకు గుచ్చి, ఆ గొట్టాన్ని రంధ్రంలో పెట్టి మర తిప్పినట్టు బిగించింది. కొంగు నడుముకు చుట్టుకుంది. పక్కనున్న పెద్ద ఇనుప చక్రానికి హ్యాండిల్ తగిలించి నాలుగు చుట్లు తిప్పి, ఐదో చుట్టుకు పైనున్న మీట కిందికి కొట్టింది. ట్రాక్టర్ ముసలాయనలా ఒకసారి దగ్గి, గుండ్రటి నల్లపొగ వదిలి, డుగ్, డుగ్, డుగ్ అంటూ లేచింది. దాని చక్రానికి తగిలించిన పాత రైసుమిల్లు బెల్టు కదిలింది. బెల్టు అవతలి కొసన టేకు చెక్క బకెట్, అందులో బర్ఫు గడ్డలు, వాటి నడుమ స్టీలు డబ్బా. ఆ డబ్బా గిరగిర తిరగడం మొదలుపెట్టింది.

నేను బడిలో పిల్లలకు సైన్సు చెబుతాను. సిద్దిపేట నుంచి చింతమడక దారిలో ఉన్న బడికి ఆరేళ్లుగా రోజూ స్కూటీ మీద పోయి వస్తున్నాను. ఆ రోజు ఎండకు తాళలేక, తాటిచెట్ల వరుస పక్కన రేకుల షెడ్డు కనిపిస్తే ఆగాను. అరగంట తర్వాత ఆమె నా చేతిలో పెట్టిన కప్పులో తెల్లటి ముంజల ఐస్‌క్రీం ఉంది. రంగు లేదు, సెంటు లేదు. చిక్కగా కాచిన బర్రెపాలు, చక్కెర, లేత ముంజలు, అంతే. నా నోట్లోంచి పొగడ్త తొందరగా రాదు, కావాలంటే మా ఇంట్లోవాళ్లను అడగండి. అయినా ఆ రోజు రెండో కప్పు అడిగి తిన్నాను. మూడోది అడుగుదామనుకుని సిగ్గుపడ్డాను.

తర్వాత బీడీ సంగతి అడిగాను. అందులో పొగాకు ఉండదట. సూరేకారం కలిపిన నీళ్లలో పాత నూలుగుడ్డ నానబెట్టి, ఎండబెట్టి, పేలికలు చేసి, తునికాకులో చుట్టి దారం కడుతుంది. అలా చేస్తే గాలి ఆడని చోట కూడా నిప్పు ఆరదు. ఒకే సిలిండర్ ఉన్న ఆ పాతకాలపు డీజిల్ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు లోపల ఓ నిప్పుకణిక ఉంటే తప్ప అంటుకోదు. దాంతోపాటు ఎప్పుడో వచ్చిన కాగితపు వత్తులు అయిపోతే, ఈమె తనకు చేతనైన పద్ధతిలో వత్తి చేసుకుంది. మా సైన్సు పుస్తకంలో ఉన్నదాన్ని చాటలో పెట్టి చూపించింది. ఆ సంగతి చెబితే, పుస్తకంలో ఉంటే మరి మీ బడిలో ఒక్కరన్నా చేసి చూశారా అని అడిగింది. నేను మాట మార్చాను.

చంద్రవ్వకు అరవై దాటాయి. ఎన్ని దాటాయో ఆమె పట్టించుకోలేదు. తొమ్మిదేళ్లకే తునికాకు కత్తిరించడం నేర్చింది. పెళ్లయి రాజమల్లయ్య ఇంటికి వచ్చాక కూడా చాట ఒళ్లో పెట్టుకుని రోజుకు వెయ్యి బీడీలు చుట్టేది. రాజమల్లయ్య తాటిచెట్లెక్కి కల్లు గీసే గౌండ్లాయన. ముప్పై ఏళ్లు తాళ్లెక్కాడు. ఒక పొద్దున నడుముకు కట్టుకున్న మోకు జారి కింద పడ్డాడు. ప్రాణం దక్కింది కానీ కుడి భుజం దక్కలేదు. ఏడు నెలలు హైదరాబాద్‌లో దవాఖాన చుట్టూ తిరిగి ఇంటికి వచ్చాక, ఆయన రోజంతా చెట్ల కింద కూర్చుని పైకి చూసేవాడు. భర్త చెట్లను చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే ఎన్నాళ్లని చూస్తూ కూర్చోవాలి అని చంద్రవ్వకు కోపం వచ్చింది. ఆమెకు బాధ వచ్చినా ముందు కోపంగానే వస్తుంది.

అంతకుముందు ఒకసారి కొమురెల్లి జాతరలో చెక్క బకెట్‌లో చేత్తో తిప్పిన ఐస్‌క్రీం ఇద్దరూ తిన్నారు. అది గుర్తుపెట్టుకుని, చెక్కపని చేసే వడ్లాయనతో ఒక బకెట్ చేయించింది. చెట్లెక్కడానికి మరిది కొడుకు మహేశ్ ఉన్నాడు, ముంజలకు కొదువ లేదు. రాజమల్లయ్య ఎడమ చేత్తో తిప్పేవాడు. ఆ చెయ్యి అలసిపోతే చంద్రవ్వ తిప్పేది. బకెట్ నిండా ఐస్‌క్రీం కావడానికి గంటంబావు పట్టేది. కాబట్టి చేసేది కొంచెమే, పేరు మాత్రం చుట్టుపక్కల నాలుగూళ్లకు పోయింది.

ఇక ట్రాక్టర్. అది ఆ ఊరి పటేల్ సుధాకర్ రెడ్డి తండ్రి యాభై ఏళ్ల కిందట హైదరాబాద్‌లో వేలంలో కొన్నది. చుట్టుపక్కల మొదటి ట్రాక్టర్ అదేనంటారు. పేరు పలక అరిగిపోయి, ఏ దేశంలో పుట్టిందో కూడా తెలియదు. కొత్త ట్రాక్టర్లు వచ్చాక దాన్ని కల్లం పక్కన తుమ్మచెట్టు కింద వదిలేశారు. కోళ్లు దాని సీటు మీద గుడ్లు పెట్టేవి.

ఈ కాలం పిల్లలకు మేర అంటే తెలియదు కాబట్టి ఇక్కడ చెప్పాలి. పంట నూర్చిన రోజు, వడ్ల రాశి ఇంటికి చేరకముందే, ఏడాదంతా ఆ ఇంటికి పనిచేసిన చాకలికి, మంగలికి, వడ్లాయనకు కల్లంలోనే కొలిచి ఇచ్చేవాళ్లు. దాన్నే మేర అంటారు. అది కూలీ కాదు, దానం కాదు, వాటా. నలుగురి ముందు కల్లంలో ఇచ్చిన మేరను తిరిగి అడగడం ఏ ఇంట్లోనూ లేదు. సుధాకర్ రెడ్డి ఇంట్లో ఆ వాటా తాళ్లెక్కే రాజమల్లయ్యకు కూడా ఉండేది.

పదిహేడేళ్ల కిందట ఒక నూర్పిడి రోజు, సుధాకర్ రెడ్డి తల్లి లక్ష్మీబాయమ్మ కల్లానికి వచ్చింది. కూలీలకు ఐస్‌క్రీం పెట్టమని తనే చెప్పింది. రాజమల్లయ్య ఎడమ చేత్తో బకెట్ తిప్పుతూ, పళ్లు బిగబట్టి, మధ్యమధ్య కుడి చెయ్యి కూడా వేయబోయి ఆగిపోతుండటం ఆమె కంటబడింది. వడ్లు కొలిచే మనిషి రాజమల్లయ్య పేరు పిలవగానే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"రాజమల్లయ్యకు ఈ యేడు వడ్లు గొలువకుండ్రి," అన్నది. "గా తుమ్మ కింద బండి ఆయన మేర. నా చెట్లెక్కంగ పోయింది ఆయన చెయ్యి. దాని బదులు గది తిప్పుతది."

అప్పుడు సుధాకర్ అక్కడ లేడు. సిద్దిపేటలో వ్యాపారం మొదలుపెట్టి, పొలం వైపు రావడం అప్పటికే తగ్గించాడు. ట్రాక్టర్‌ను రెండు జతల ఎడ్లు లాక్కొచ్చి చంద్రవ్వ షెడ్డులో పెట్టాయి. లేతు మిషన్ నడిపే నరహరి సిద్దిపేట నుంచి వచ్చి, వారం రోజులు దానితో కుస్తీ పట్టి లేపాడు. చెరకు రసం మిషన్ పళ్లచక్రాలు రెండు బిగించి, ట్రాక్టర్ వేగాన్ని డబ్బాకు తగ్గట్టు తగ్గించాడు. మొదటి రోజు ఊరంతా చూడ్డానికి వచ్చింది. నరహరి బెల్టును వీణ తీగలా బిగించాడు. పాలు గట్టిపడుతుంటే డబ్బా లోపలి రెక్కలు వంగిపోయాయి, మూత ఎగిరింది, పాలన్నీ రాజమల్లయ్య మీసాల మీద, నరహరి చొక్కా మీద, ఊరి సర్పంచ్ కొత్త పంచె మీద పడ్డాయి.

చంద్రవ్వ ఆ రాత్రి రెక్కలు సరిచేయించి, తెల్లారి బెల్టు వదులు చేసింది. అది తప్పని నరహరి వాదించాడు, ఇంజన్ బలమంతా వృథా అవుతుందన్నాడు. ఆమె వినలేదు. వదులు బెల్టు అయితే, పాలు గట్టిపడి డబ్బా మొరాయించగానే బెల్టు చక్రం మీద జారి టప్, టప్ అని కొట్టుకుంటుంది. ఆ చప్పుడు వచ్చిందంటే ఐస్‌క్రీం అయినట్టు. ఒక చుట్టు ముందు ఆపినా పలచన, నాలుగు చుట్లు ఆలస్యమైనా ఇసుక. షెడ్డు వెనక ముంజలు ఒలుచుకుంటూ, ఎవరితోనో మాట్లాడుతూ ఉన్నా ఆ చప్పుడుకు ఆమె లేచి వస్తుంది. నరహరి ఇప్పటికీ ఒప్పుకోడు కానీ, ఎండాకాలం వస్తే ఇంటిల్లిపాదినీ తీసుకుని వచ్చి తిని పోతాడు.

నేనొకసారి కరెంటు మోటారు పెట్టుకోవచ్చు కదా అని సలహా ఇచ్చి తిట్లు తిన్నాను. పెట్టి చూశారట, రెండు కాలిపోయాయట. మోటారుకు బుద్ధి ఉండదని, గట్టిపడ్డాక కూడా గుంజుతూనే ఉంటుందని ఆమె అంది. అందులో సగం నిజం, సగం మొండితనం. ఆ మొండితనం వల్లే ఏడాదికి ఎండాకాలం రెండున్నర నెలలు పనిచేసి, ఆ ఇద్దరూ ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతుకుతున్నారు. పెళ్లిళ్లకు, పుట్టువెంట్రుకలకు డబ్బాల కొద్దీ ఐస్‌క్రీం ఆ షెడ్డు నుంచే పోతుంది.

ఈ ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం బడి నుంచి వస్తూ ఆగితే, షెడ్డు ఖాళీగా ఉంది. బెల్టు నేల మీద చుట్ట చుట్టి పడి ఉంది. ట్రాక్టర్ నిలబడిన చోట పదిహేడేళ్ల నూనె మరక, నాలుగు గుంతలు మిగిలాయి. చంద్రవ్వ బకెట్ ముందు కూర్చుని చేత్తో తిప్పుతోంది. రాజమల్లయ్య దూరంగా, గోడకు ఆనుకుని, నేలకేసి చూస్తున్నాడు.

జరిగింది ఇదీ. సుధాకర్ రెడ్డి సిద్దిపేట అంచున తండ్రి పేరు మీద కొత్త ఫంక్షన్ హాలు కట్టాడు. గేటు దగ్గర పాత ట్రాక్టర్‌ను రంగులేసి నిలబెడితే, వచ్చిన వాళ్లు దాని ముందు ఫొటోలు దిగుతారని ఎవరో చెప్పారు. నాకు ఫంక్షన్ హాళ్లంటేనే గిట్టదు, ఇక ఫొటోలు దిగడానికి కట్టే బొమ్మల సంగతి చెప్పక్కర్లేదు. అయితే సుధాకర్‌కు ఇంకో ఆశ కూడా ఉంది. చిన్నప్పుడు తండ్రి ఒళ్లో కూర్చుని స్టీరింగ్ పట్టుకున్న బండి అది. ప్రారంభం రోజు తనే నడుపుకుంటూ గేటులోకి తెచ్చి, తల్లి కళ్ల ముందు నిలబెట్టాలనుకున్నాడు. తల్లికి చెప్పకుండా దాచాడు. బండి రాజమల్లయ్య దగ్గర ఊరికే పడి ఉందనే అతను ఇన్నేళ్లూ అనుకున్నాడు. చంద్రవ్వ బర్ఫు కోసం సిద్దిపేట పోయిన పూట క్రేన్, లారీ వచ్చాయి. రాజమల్లయ్య నోరు విప్పలేదు.

"పటేల్ బండి, పటేల్ అడిగిండు. ఎట్ల కాదంట?" అన్నాడు నాతో.

"నీ భుజం బోయింది గని నోరు బోలేదు గద," అంది చంద్రవ్వ, బకెట్ తిప్పడం ఆపకుండా. పది రోజుల్లో ఆమె ఆయనతో అన్న మాట అదొక్కటేనట.

నాకు ఒళ్లు మండింది. పోలీస్ స్టేషన్‌కు పోదామన్నాను, పేపర్‌వాళ్లను పిలుద్దామన్నాను. బండి కాగితాలు సుధాకర్ పేరు మీదే ఉన్నాయని ఆమె చెప్పింది. సీజన్ రెండు నెలలే ఉందని, చేత్తో తిప్పితే ఒప్పుకున్న ఆర్డర్లలో పావు వంతు కూడా కావని, మాట తప్పిన చోట మళ్లీ ఎవరూ పిలవరని కూడా ఆమే చెప్పింది. ఆమె మణికట్టు వాచి ఉంది. అంత చెప్పాక కూడా గొంతులో ఏడుపు లేదు. నాకే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"దొంగ తీస్కపోతె కొట్లాడుదును," అంది. "ఆయనకు ఎరుకలేదు. ఎరుకలేనోన్ని తిట్టి ఏం ఫాయిద? ఎరుక చెయ్యాలె."

ఎరుక చేసే దారి వాళ్ల ఫోన్‌కే వచ్చింది. నాలుగు రోజుల తర్వాత, నేను అక్కడ ఉండగానే, సుధాకర్ దగ్గర మేనేజర్‌గా ఉండే శైలేందర్ ఫోన్ చేశాడు. హాలు ప్రారంభానికి ఆరు వందల మందికి ముంజల ఐస్‌క్రీం కావాలట. వేరేవాళ్లది వద్దు, చంద్రవ్వదే కావాలని సుధాకర్ ప్రత్యేకంగా చెప్పాడట. పదిహేడేళ్లుగా ప్రతి పెళ్లిలో ఆ ఐస్‌క్రీం తిని మెచ్చుకున్న మనిషికి, అది దేనితో తయారవుతుందో తెలియదు. వంటింటి వైపు ఎన్నడూ తొంగిచూడని మగవాళ్లు చేసే పొరపాటే ఇది. పళ్లెంలోకి వచ్చేదాకా తిండి ఎక్కడిదో వాళ్లకు పట్టదు. రాజమల్లయ్య ఫోన్ పట్టుకుని భార్య వైపు చూశాడు.

"పెడ్తమని చెప్పు," అంది చంద్రవ్వ.

ఎలా పెడతావని నేను కంగారుపడ్డాను. ఆమె నన్ను మందబుద్ధి పిల్లను చూసినట్టు చూసింది.

"ఐస్‌క్రీంకు బండి గావాలె. బండి గాడనే ఉన్నది. పాలు, ముంజలు, బర్ఫు నేను తీస్కపోత. నాకేం తిప్పలు?"

ప్రారంభం రోజు ఆదివారం. నేను పొద్దున్నే పోయాను, పిలుపు లేకపోయినా. గేటు బయట ట్రాక్టర్ నిలబడి ఉంది. ఎర్ర రంగు, బంగారు గీతలు, కొత్త టైర్లు, బంతిపూల దండలు. పెళ్లికొడుకులా ఉంది, లేవడం మాత్రం లేదు. మెకానిక్ గోపాల్ చెమటలు కక్కుతున్నాడు. గేర్లు, బ్రేకులు అన్నీ బాగుచేశాడు. కొత్త ట్రాక్టర్‌కు కట్టి లాగించాడు. సిలిండర్‌లో ఏదో స్ప్రే కొట్టాడు. ఎవరో ముసలాయన ఇది బీడీకి లేస్తుందని చెబితే నిజం బీడీ కూడా ముట్టించి పెట్టాడు, అది లోపలికి పోగానే ఆరిపోయింది. అసలు గొట్టమే లేదు. ఆ గొట్టం పదిహేడేళ్లుగా చంద్రవ్వ రొండిన, వక్కల సంచి పక్కన ఉంటుంది. సుధాకర్ తెల్లచొక్కా వేసుకుని మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. అతిథులు రావడం మొదలైంది.

తొమ్మిదిన్నరకు ఆటో ట్రాలీ వచ్చి ఆగింది. అందులోంచి చంద్రవ్వ దిగింది. వెనక బకెట్, ఊకలో కప్పిన బర్ఫు, దొడ్డుప్పు బస్తా, పాల క్యాన్లు, మహేశ్ ఆ పొద్దున కోసిన ముంజల గెలలు, చుట్ట చుట్టిన బెల్టు. రాజమల్లయ్య అన్నిటికంటే చివర, తల దించుకుని దిగాడు. వంటలు వెనకవైపు అని శైలేందర్ చెయ్యి చూపించాడు. ఆమె ఆ చెయ్యి వైపు కూడా చూడకుండా నేరుగా ట్రాక్టర్ దగ్గరికి పోయి, దాని చుట్టూ ఒక తిరుగుడు తిరిగింది. చక్రం మీద అరచెయ్యి పెట్టి రాసింది. రంగు నున్నగా జారింది. ఆ జారుడుకు బెల్టు నిలవదు. ముంజలు కోసే కత్తి తీసి, కొత్త ఎర్రరంగును చక్రం చుట్టూ గీకడం మొదలుపెట్టింది.

సుధాకర్ ఉరుకుతూ వచ్చాడు. అతని వెనక శైలేందర్, గోపాల్, అతిథుల్లో పావు వంతు మంది వచ్చారు.

"ఏం జేస్తున్నవ్ చంద్రవ్వా? నీకు ఐస్‌క్రీం చెప్పిన గద," అన్నాడు.

"ఐస్‌క్రీమే చేస్తున్న పటేలా," అంది ఆమె, గీకుతూనే. "దీంతోనే అయితది. పదిహేడేండ్ల సంది నువ్వు తిన్నదంత దీంతోనే అయింది."

సుధాకర్ ట్రాక్టర్ వైపు చూశాడు, బకెట్ వైపు చూశాడు, బెల్టు వైపు చూశాడు. తప్పుచేసి దొరికిన ఎనిమిదో తరగతి పిల్లల మొహాలు నేను చాలా చూశాను. ఇది అలాంటి మొహమే. చేతులు వెనక్కి పెట్టుకుని పక్కకు జరిగాడు.

చంద్రవ్వ రొండినుంచి గొట్టం తీసింది. గోపాల్ రంధ్రానికి బిగించిన బోల్టు ఊడదీయించింది. వెంట తెచ్చిన చాటలోంచి ఒక బీడీ ఎంచి వెలిగించి, రెండుసార్లు ఊది, గొట్టానికి గుచ్చి బిగించింది. హ్యాండిల్ తగిలించింది. ఆమె వాచిన మణికట్టు చూసి నాకు భయం వేసింది. ఇంతమంది ముందు లేవకపోతే, ఇక ఆ బండి మీద ఆమెకు మాట ఉండదు. ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. అప్పుడు రాజమల్లయ్య ముందుకు వచ్చి ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద వేశాడు. ఆమె వద్దనలేదు. ఇద్దరూ కలిసి నాలుగు చుట్లు తిప్పారు. ఐదో చుట్టుకు ఆమె మీట కొట్టింది.

డుగ్. ఊపిరి తీసుకున్నట్టు కొంత సేపు. డుగ్, డుగ్, డుగ్. జనం చప్పట్లు కొట్టారు. ఇది కూడా ప్రోగ్రాంలో భాగమని చాలామంది అనుకున్నారు. లోపల స్టేజీ మీద మైకు పట్టుకున్న ఆయన ఎంత పిలిచినా కుర్చీల్లోకి పోయినవాళ్లు లేరు. అందరూ గేటు దగ్గరే. బెల్టు టప్ అన్నప్పుడల్లా చంద్రవ్వ డబ్బా తీసి ఇంకో డబ్బా పెట్టింది. నేను చీర కుచ్చిళ్లు దోపుకుని కప్పులు నింపాను. ఎవరూ అడగకపోయినా ఆ పని నాదేనని నాకనిపించింది.

పదకొండుకు కారులో లక్ష్మీబాయమ్మ వచ్చింది. ఎనభై ఆరేళ్ల మనిషి, మోకాళ్లు పోయాయి, చూపు మాత్రం సూదిలా ఉంటుంది. కుర్చీ తెచ్చి గేటు పక్కనే వేశారు. సుధాకర్ స్వయంగా మొదటి కప్పు తీసుకుపోయి తల్లికి ఇచ్చాడు. నాయిన బండి చూడు, ఇక ఇది ఇక్కడే ఉంటుందని చెప్పాడు. చంద్రవ్వ కూడా ఇక్కడే, నీడపట్టున, ఫ్యాను కింద ఐస్‌క్రీం చేసుకోవచ్చని అన్నాడు. చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదది. ముంజ కోసిన పూటే ఒలవకపోతే ముదిరినట్టవుతుందని, తాళ్లు సిద్దిపేటకు నడిచిరావని చంద్రవ్వ అంది. సుధాకర్ నవ్వబోయాడు. తల్లి నవ్వలేదు. రెండు చెంచాలు తిని, కప్పు ఒళ్లో పెట్టుకుంది.

"గిది కల్లంల మేర ఇచ్చిన బండి," అంది. "గీడికెట్ల వచ్చింది?"

 పక్కనున్న బంధువులు ఐస్‌క్రీం తినడం ఆపారు. వాళ్లంతా కల్లాలున్న ఇళ్ల మనుషులే, ఆ మాట బరువు వాళ్లకు తెలుసు. సుధాకర్ నెమ్మదిగా, తనకు తెలియదని, ఊరికే పడి ఉందనుకున్నానని చెప్పాడు.

"తెల్వకపోతే అడగాలె," అంది లక్ష్మీబాయమ్మ. "మేర వాపస్ తెచ్చుకునే ఇల్లు కాదు మనది. ఎట్ల తెచ్చినవో అట్లనే దిగవెట్టి రా."

మళ్లీ చెంచా తీసుకుని మిగిలిన ఐస్‌క్రీం పూర్తిచేసింది. కప్పు ఖాళీ అయ్యాక ఇంకొకటి అడిగింది.

ఆరు వందల మందీ తిన్నారు, డ్రైవర్లూ వంటవాళ్లూ తిన్నారు. సాయంత్రం నాలుగున్నరకు ఎండ తగ్గాక సుధాకర్ ట్రాక్టర్ ఎక్కాడు. లారీ పిలుద్దామని శైలేందర్ అంటే వద్దన్నాడు. తెల్లచొక్కా మీద అప్పటికే నూనె మరకలు పడ్డాయి. ఒక మడ్‌గార్డ్ మీద చంద్రవ్వ, ఇంకో దాని మీద రాజమల్లయ్య కూర్చున్నారు. ఆమె వాచిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, మంచి చేత్తో మడ్‌గార్డ్ అంచు పట్టుకుంది. గేటు లోపలికి నడుపుకుంటూ రావాలనుకున్న మనిషి, గేటు బయటి నుంచే వెనక్కి తిప్పాడు. నేను వెనక స్కూటీ మీద. తొమ్మిది కిలోమీటర్లకు గంటన్నర పట్టింది. దారిపొడవునా జనం సుధాకర్‌ను చూసి ఆగి నమస్తే పెట్టారు. అతను రెండు చేతులా స్టీరింగ్ పట్టుకుని ఉన్నాడు కాబట్టి తల ఊపాడు. మొదట్లో సిగ్గుపడ్డాడు. సగం దారికి వచ్చేసరికి, మొహంలో ఒళ్లో కూర్చుని నడిపిన పిల్లాడు కనిపించాడు. వెనకనుంచి ఆ పొగ మింగుతూ కూడా నేను సంతోషపడ్డాను, ఒప్పుకోక తప్పదు.

షెడ్డులో పాత గుంతల్లోకి చక్రాలు దిగాయి. కొత్త టైర్లకు ఆ గుంతలు కొంచెం ఇరుకైనా సరిపోయాయి. ఎలా ఆపాలో సుధాకర్‌కు తెలియలేదు. చంద్రవ్వ కిందికి దిగి మీట పైకెత్తింది. ట్రాక్టర్ ఇంకో మూడు సార్లు డుగ్‌మని ఆగింది. ఒక్కసారిగా చెట్ల మీద పిట్టల గోల వినిపించింది. రాజమల్లయ్య బెల్టు తెచ్చి చక్రానికి తగిలించబోయాడు. ఎక్కువ బిగించకని చంద్రవ్వ ఆయనకు చెప్పింది. బండి పోయినప్పటినుంచి భర్తతో ఆమె కోపం లేకుండా మాట్లాడిన మొదటి మాట అది. ఆయన తల ఊపి వదులు చేశాడు.

సుధాకర్ పోకుండా నిలబడ్డాడు. ఏదో ఒకటి చేయాలని ఉంది అతనికి. చొక్కా జేబులోంచి పెన్ను తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశాడు.

"చంద్రవ్వా, ఇగ ఎవ్వలు అడుగకుండ కాగితం రాసిస్త," అన్నాడు. "బండి నీకు ఇచ్చినన్నట్టు."

కాగితం వద్దంటుందేమో, పెద్దమనసుతో ఏదో అంటుందేమో అని నేను అనుకున్నాను. ఆమె మంచం వాల్చి, అతన్ని కూర్చోమంది. నా బ్యాగులోంచి నోటు పుస్తకం తీయమని నాకు సైగ చేసింది.

"రాయి పటేలా," అంది. "నువ్విచ్చినవని మాత్రం రాయకు. పదిహేడేండ్ల కింద మీ అమ్మ ఇచ్చిందని రాయి. నువ్వు అడగకుండ తీస్కపోయి, మల్ల తెచ్చి పెట్టినవని గూడ రాయి."

 సుధాకర్ పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి, కింద సంతకం పెట్టాడు. సాక్షిగా నేను పెట్టాను. చంద్రవ్వ ఆ కాగితాన్ని మడిచి వక్కల సంచిలో పెట్టి, ట్రాక్టర్ నుంచి ఊడదీసిన గొట్టం పక్కన రొండిన దోపుకుంది. డబ్బా అడుగున మిగిలిన ఐస్‌క్రీం గీకి, ఒక కప్పులో వేసి, పొద్దుటినుంచి ఒక్క చెంచా కూడా తినని సుధాకర్ చేతికి ఇచ్చింది.